మంచి డెలి సబ్ శాండ్‌విచ్: రోల్ నుంచి పొట్లం దాకా

పొడవాటి బ్రెడ్డు రోల్‌ను కోసి మధ్యలో మాంసం, చీజ్, కూరగాయలు పెట్టేదే సబ్ శాండ్‌విచ్. అది చెడేది చాలావరకు నీటివల్లే. టమాటా వదిలిన నీరు, కడిగి ఆరబెట్టని లెట్యూస్, వడకట్టకుండా సీసాలోంచి నేరుగా వేసిన వెనిగర్ మిరపకాయలు, పడకూడని చోట పడ్డ వెనిగర్, ఇవన్నీ కలిసి పావుగంటలో అడుగు బ్రెడ్డును ముద్ద చేసేస్తాయి. అందుకే లోపల ఏమేం పెట్టాలన్నది తర్వాత. ఏది ఎంత మందంలో ఉండాలి, ఏది దేనికి ఆనుకుని ఉండాలి అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ లెక్క కుదిరితే మామూలు టర్కీ కోడి సబ్ కూడా అద్భుతంగా ఉంటుంది. కుదరకపోతే ఇటలీ నుంచి తెప్పించిన మాంసం పెట్టినా దండగే.

ఇక్కడ చెప్పబోయేది అమెరికా ఈశాన్య తీరంలో ఇటాలియన్ వలసదారుల డెలీల్లోంచి, అంటే మాంసం, చీజ్ కోసి అమ్మే దుకాణాల్లోంచి, వచ్చిన చల్లటి సబ్ గురించి. ఊరు మారితే పేరు మారుతుంది. ఫిలడెల్ఫియాలో హోగీ, న్యూయార్క్‌లో హీరో, న్యూ ఇంగ్లండ్‌లో చాలాచోట్ల గ్రైండర్, న్యూజెర్సీలో సబ్. మేన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఊరికే ‘ఇటాలియన్’ అంటే చాలు. అక్కడి అమాటోస్ దుకాణం తాము 1902 నుంచి అమ్ముతున్నామని చెప్పుకుంటుంది. ఇప్పుడు జెర్సీ మైక్స్‌గా దేశమంతా ఉన్న గొలుసు దుకాణం 1956లో న్యూజెర్సీ తీరంలోని పాయింట్ ప్లెజెంట్‌లో మైక్స్ సబ్స్ అన్న చిన్న కొట్టుగా మొదలైంది. సబ్‌వే 1965లో కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో పుట్టింది. మనవాళ్లలో ఎక్కువమందికి సబ్ అంటే గుర్తొచ్చేది ఈ చివరిదే. డెలి సబ్‌కు ఉన్న అసలు తేడా ఏమిటంటే, మాంసాన్నీ చీజ్‌నూ ఆర్డర్ చెప్పాక అప్పటికప్పుడు స్లైసర్ (పలచటి ముక్కలుగా కోసే యంత్రం) మీద కోస్తారు. రుచిలో సగం అక్కడే తేలిపోతుంది.

పది అంగుళాల సబ్ ఒకదానికి కావలసినవి:

- రోల్: 1 (సుమారు 145–150 గ్రాములు)
- జెనోవా సలామీ (ఊరబెట్టి ఎండబెట్టిన పంది మాంసం సాసేజ్): 35 గ్రాములు
- కాపికోలా (మసాలా పట్టించి ఎండబెట్టిన పంది మెడ మాంసం): 35 గ్రాములు
- మోర్టడెల్లా (కొవ్వు ముక్కలు కలిపిన మెత్తటి పంది మాంసం సాసేజ్) లేదా హ్యామ్ (ఉప్పులో ఊరిన పంది తొడ మాంసం): 50 గ్రాములు
- ప్రోవొలోన్ అనే ఇటాలియన్ చీజ్: 45 గ్రాములు (సన్నటి ముక్కలు 3 లేక 4)
- టమాటా: 70 గ్రాములు
- ఐస్‌బర్గ్ లెట్యూస్: 40 గ్రాములు
- ఉల్లిపాయ: 20 గ్రాములు
- వెనిగర్‌లో ఊరిన మిరపకాయలు: 20 గ్రాములు
- ఆలివ్ నూనె 1 టేబుల్ స్పూను, రెడ్ వైన్ వెనిగర్ 2 టీస్పూన్లు
- ఎండు ఒరెగానో పావు టీస్పూను, మిరియాల పొడి, ఉప్పు

మొత్తం అర కిలోకు కొంచెం తక్కువ. ఒక మనిషికి గట్టి భోజనం, ఇద్దరికి ఫలహారం. బ్రెడ్డు బరువుకు రెండింతలు, కాస్త అటూ ఇటూగా, లోపలి సరుకు ఉండాలి. మూడింతలు దాటితే నోరు పట్టదు, ఒళ్లోకి రాలుతుంది. మాంసం గుట్టగా పెట్టి ఫోటోలు తీసే సబ్‌లు తినడానికి పెద్దగా బాగుండవు.

రోల్

మంచి సబ్ రోల్ పైపొర పలచగా ఉండాలి. నొక్కితే చిన్నగా చిట్లాలి. లోపల మెత్తగా ఉంటూనే నమిలేటప్పుడు కొంచెం సాగాలి. కొనేటప్పుడు పరీక్ష సులువు: రోల్‌ను బొటనవేలితో సగం ఎత్తుకు నొక్కి వదలండి. నెమ్మదిగా మళ్లీ లేస్తే పనికొస్తుంది. నొక్కింది నొక్కినట్టే ఉండిపోతే నూనె తగలగానే కుప్పకూలుతుంది. హాట్‌డాగ్ బన్నులు ఈ పరీక్షలోనే పోతాయి, పైగా తీపి. ఫ్రెంచ్ బగెట్‌తో ఇబ్బంది ఇంకోరకం. పైపొర మరీ గట్టి కాబట్టి పళ్లతో గట్టిగా కొరకాల్సి వస్తుంది, ఆ ఒత్తిడికి లోపలివి వెనకనుంచి బయటికి జారిపోతాయి. అంగిలి కూడా గీరుకుపోతుంది.

తీపి మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. పన్ను వివాదంలో ఐర్లాండ్ సుప్రీంకోర్టు 2020లో సబ్‌వే వేడి శాండ్‌విచ్‌ల బ్రెడ్డు అక్కడి చట్టం లెక్కన ‘బ్రెడ్డు’ కిందికి రాదని తేల్చింది. ఆ చట్టం ప్రకారం పంచదార పిండి బరువులో 2 శాతం మించకూడదు, అందులో ఉన్నది 10 శాతం. కింద ఇచ్చిన కొలతలో సరిగ్గా 2 శాతమే ఉంది. అది తీపి కోసం కాదు, రంగు కోసం, ఈస్ట్ చురుకు కోసం.

ఐదు రోల్స్‌కు బ్రెడ్ పిండి 500 గ్రాములు, నీళ్లు 310, ఆలివ్ నూనె 15, ఉప్పు 10, పంచదార 10, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు. మాంసకృత్తులు 12–13 శాతం ఉన్న పిండికి ఈ నీళ్లు సరిపోతాయి. ఇండియాలో దొరికే మామూలు మైదాకు అంత బలం ఉండదు, నీళ్లు 290 గ్రాములకు తగ్గించండి. లేకపోతే పిండి చేతికి అంటుకుంటుంది, రోల్ పక్కలకు పరుచుకుంటుంది.

అన్నీ కలిపి 20 నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. ఈ విరామంలో పిండి నీటిని పీల్చుకుంటుంది, పిసికే శ్రమ సగమవుతుంది. తర్వాత 8–10 నిమిషాలు గట్టిగా పిసకాలి. చిన్న ముద్ద తీసి వేళ్లతో లాగితే చిరగకుండా వెలుతురు కనిపించేంత పలచగా సాగాలి. గది 28–30 డిగ్రీలుంటే గంటలో రెట్టింపవుతుంది. మే నెలలో హైదరాబాద్ వంటింట్లో అయితే 40 నిమిషాలకే పొంగిపోతుంది, కాబట్టి ఫ్రిజ్ నీళ్లతో కలపండి.

పొంగిన పిండిని 170 గ్రాముల చొప్పున ఐదు భాగాలు చేసి, ఉండలు చుట్టి 15 నిమిషాలు ఆగాలి. ఒక్కో ఉండను చేత్తో 15 బై 20 సెంటీమీటర్ల దీర్ఘచతురస్రంగా నొక్కండి. పై అంచును మధ్యకు మడిచి అరచేతి మడమతో అదమండి. ఇంకోసారి మడిచి అదమండి. చివరి అంచును అతుక్కునేలా గట్టిగా నొక్కి, 25 సెంటీమీటర్ల పొడవు వచ్చేలా దొర్లించండి. అతుకు కిందికి ఉండాలి. తడిగుడ్డ కప్పి 40–50 నిమిషాలు ఉంచాలి. వేలితో నొక్కితే పడిన గుంట నెమ్మదిగా సగం వరకే పూడితే అది కాల్చే సమయం.

ఓవెన్ 220 డిగ్రీల సెల్సియస్. అడుగు అరలో ఒక ట్రేలో మరిగే నీళ్లు పోసి ఆవిరి పుట్టించండి, లేకపోతే పైపొర ముందే బిగుసుకుపోయి రోల్ ఎదగదు. 15 నుంచి 18 నిమిషాలు చాలు, లేత బంగారు రంగు వస్తే తీసేయండి. జాలీ మీద పది నిమిషాలు ఉంచి, ఆ తర్వాత పలచటి గుడ్డ కప్పండి. పైపొర కొంచెం మెత్తబడుతుంది, సబ్‌కు అదే కావాలి. గంట చల్లారాకే కోయాలి. వేడి రోల్ కోస్తే లోపలి భాగం కత్తికి ముద్దగా అంటుకుంటుంది.

రోల్ పక్కకు చిట్లిందంటే అతుకు సరిగా పడలేదు, లేదా రెండోసారి పొంగింది చాల్లేదు. చదునుగా పరుచుకుందంటే ఎక్కువసేపు పొంగింది. పైపొర పెంకులా ఉందంటే తక్కువ వేడిలో ఎక్కువసేపు కాల్చారు. 180 డిగ్రీల్లో అరగంట పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, ఫలితం ఇదే.

మాంసం, చీజ్: మందమే రుచి

అమెరికాలో డెలి కౌంటర్ దగ్గర పౌండ్ల లెక్క నడుస్తుంది. పావు పౌండ్ అంటే 113 గ్రాములు. సలామీ, కాపికోలా, మోర్టడెల్లా తలా పావు పౌండ్, ప్రోవొలోన్ పావు పౌండ్ తీసుకుంటే రెండు పెద్ద సబ్‌లు వచ్చి ఇంకా కాస్త మిగులుతుంది. న్యూజెర్సీ ఇటాలియన్ దుకాణాల్లో కాపికోలాను ‘గాబగూల్’ అంటారు, విని తికమకపడొద్దు. మొదటి ముక్క కోయగానే చూపించమని అడగండి. చాలాచోట్ల అడక్కుండానే పైకెత్తి చూపిస్తారు. మందం నచ్చకపోతే అప్పుడే చెప్పాలి, అరపౌండ్ కోశాక కాదు.

సలామీ, కాపికోలా ఒక మిల్లీమీటరు, అంతకన్నా తక్కువైనా మంచిదే. ప్రొషుట్టో (ఉప్పు పట్టించి ఎండబెట్టిన ఇటాలియన్ హ్యామ్) పెట్టించుకుంటే అర మిల్లీమీటరు, కింద వేలు పెడితే కనపడాలి. హ్యామ్, టర్కీ ఒకటి నుంచి ఒకటిన్నర. ప్రోవొలోన్ ఒకటిన్నర. ఉప్పులో ఊరి ఎండిన మాంసం మందంగా ఉంటే పళ్లకు తెగదు. కొరికినప్పుడు ముక్క ముక్కంతా బయటికి ఊడి వస్తుంది, మిగతా సబ్‌లో అది ఉండదు. సన్నగా ఉంటే నోట్లో పెట్టగానే కొవ్వు కరగడం మొదలవుతుంది. ఆ కొవ్వులోనే వాసనంతా ఉంది. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కట్టకుండా పది నిమిషాలు బయట ఉంచడం మంచిది.

ముక్కల్ని ఒకదానిమీద ఒకటి చదునుగా పేర్చకూడదు. ప్రతి ముక్కనూ మధ్యకు వదులుగా ముడతలు పడేలా మడిచి పెట్టాలి. ముడతల మధ్య గాలి ఉంటుంది, నూనె వెనిగర్ అక్కడ నిలుస్తాయి, కొరకడం తేలికవుతుంది. అవే 120 గ్రాములు చదునుగా పేర్చి ఒకసారి, ముడతలు పెట్టి ఒకసారి తిని చూడండి. రెండోదాంట్లో మాంసం ఎక్కువ ఉన్నట్టు అనిపిస్తుంది.

మూడు మాంసాలు ఎందుకంటే తలా ఒక పని చేస్తాయి. సలామీ పులుపు, ఉప్పు ఇస్తుంది. కాపికోలా కారం, మిరియం. మోర్టడెల్లా మెత్తదనం, కొవ్వు. మూడూ గట్టి ఎండు రకాలే పెడితే ఉప్పు కషాయం అవుతుంది. ఐదారు రకాలు కలిపితే ఏదీ తెలియదు. ప్రోవొలోన్‌లో లేతది, ముదిరిందీ రెండు రకాలు అమ్ముతారు. ముదిరింది ఘాటుగా ఉంటుంది, దాన్ని 30 గ్రాములకు తగ్గించి వాడాలి.

భద్రత విషయంలో నిర్లక్ష్యం వద్దు. కోసిన డెలి మాంసం 4 డిగ్రీల ఫ్రిజ్‌లో మూడు నుంచి ఐదు రోజులే ఆగుతుంది. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. 2024లో అమెరికాలో డెలి మాంసాల ద్వారా పాకిన లిస్టీరియాకు పదిమంది చనిపోయారు. గర్భిణులు, 65 ఏళ్లు దాటినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు డెలి మాంసాన్ని 74 డిగ్రీల దాకా, అంటే పొగలు వచ్చేదాకా వేడిచేసి మాత్రమే తినాలి. వాళ్లకు చల్లటి సబ్ పెట్టకండి, బతిమాలినా సరే.

కూరగాయలు

లెట్యూస్ అంటే ఇక్కడ ఐస్‌బర్గ్ మాత్రమే. పోషకాల పేరుతో పాలకూర, రొమైన్ ఆకులు పెట్టేవాళ్లున్నారు. ఆకు ఆకుగా పెడితే అది జారుడుబల్లే, కొరకగానే పైదంతా ముందుకు వస్తుంది. ఐస్‌బర్గ్‌ను రెండు మూడు మిల్లీమీటర్ల దారాల్లా తరగాలి. అప్పుడు అది గూడులా అల్లుకుని నూనె వెనిగర్‌ను పట్టి ఉంచుతుంది, కరకరమంటుంది. గడ్డను ముందు సగానికి కోసి, కాడ తీసేసి, తరిగి, ఐస్ నీళ్లలో పది నిమిషాలు వేయండి. ఆ తర్వాత శ్రద్ధగా ఆరబెట్టాలి. ఆకుల్ని తిప్పి నీరు తీసే సలాడ్ స్పిన్నర్ ఉంటే రెండుసార్లు తిప్పండి, లేకపోతే శుభ్రమైన కాటన్ గుడ్డలో మూటకట్టి విదిలించండి. చేత్తో పట్టుకుంటే అరచేయి తడవకూడదు.

టమాటా దగ్గర ఇంకాస్త ఆగాలి. బాగా పండి గట్టిగా ఉన్నదాన్ని ఎంచుకుని రంపపు పళ్ల కత్తితో మూడు నాలుగు మిల్లీమీటర్ల చక్రాలుగా కోయండి. పేపర్ టవల్ మీద పరిచి, పైన చిటికెడు ఉప్పు చల్లి పది నిమిషాలు వదలండి. గింజల గదుల చుట్టూ మొదట చెమట బొట్లలా నీరు పుడుతుంది, తర్వాత కిందికి కారి కాగితం మీద ఒక్కో చక్రం చుట్టూ తడి వలయం పరుచుకుంటుంది. ఇదే సబ్‌లో జరిగి ఉంటే ఆ తడంతా బ్రెడ్డులోకి పోయేది. పైన మరో కాగితంతో అద్దితే మిగిలింది కూడా పోతుంది. నీరు పోయిన టమాటాకు రుచి చిక్కబడుతుంది, ఉప్పు కూడా లోపలికి పట్టి ఉంటుంది. డెలి దుకాణాల్లో రద్దీవల్ల ఈ పని అందరూ చేయరు. ఇంట్లో చేసుకునే సబ్ దుకాణం సబ్‌ను దాటగలిగేది ఇక్కడే.

ఉల్లిపాయ కాగితమంత సన్నగా, ఒక మిల్లీమీటరు. మనకు పచ్చి ఉల్లిపాయ అలవాటే కానీ సబ్‌లో ఘాటు ఎక్కువైతే మాంసం వాసన అణగిపోతుంది. చల్లటి నీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలిపి పది నిమిషాలు నానబెట్టి, నీళ్లు పిండేసి, ఆరబెట్టండి. మంట పోయి కరకర మిగులుతుంది.

కారానికి అమెరికా డెలీల్లో మూడు దారులు: పసుపు రంగు బనానా పెప్పర్ చక్రాలు, పెపరోన్చీని అనే కారం తక్కువ మిరపకాయలు, ఎర్రటి చెర్రీ పెప్పర్స్‌ను సన్నగా తరిగి చేసిన ‘హాట్స్’. షికాగో వైపు వెళ్తే నూనెలో ఊరిన కూరగాయల జార్డినియేరా. హాట్స్ ఒక్కటే మాంసం ముడతల్లోకి దిగి ప్రతి ముద్దలోనూ తగులుతుంది, చక్రాలు ఒక ముద్దకు రెండు వస్తాయి, ఇంకో ముద్దకు ఉండవు. అందుకని చక్రాలు కొన్నా తరిగి వేయడమే మేలు. ఏది వాడినా ముందు జల్లెడలో ఐదు నిమిషాలు వడకట్టాలి.

నూనె, వెనిగర్

వెనిగర్‌లో ఆమ్లం 5–6 శాతం, మిగిలింది దాదాపు నీరే. అది నేరుగా బ్రెడ్డు మీద పడితే లోపలి మెత్తటి భాగం తడిసి పేస్టులా మారుతుంది. నూనె అలా చేయదు, పైపైన ఇంకి ఒక పొరలా నిలుస్తుంది, వెనక వచ్చే తడిని కొంత ఆపుతుంది కూడా. కాబట్టి నూనెకు బ్రెడ్డు మీద చోటుంది, వెనిగర్‌కు లేదు. వెనిగర్ చోటు లెట్యూస్, ఉల్లిపాయ.

లెట్యూస్, ఉల్లిపాయ, మిరపకాయల్ని గిన్నెలో వేసి వెనిగర్, నూనెలో రెండు వంతులు, ఒరెగానో, మిరియాల పొడి, చిటికెడు ఉప్పు కలిపి చేత్తో పైకీ కిందికీ ఎగరేయండి. కట్టడానికి ఒక్క నిమిషం ముందే కలపాలి, ముందే కలిపి పెడితే ఉప్పుకు లెట్యూస్ వాడిపోతుంది. మిగిలిన ఒక వంతు నూనె రోల్‌కు. ఒరెగానోను రెండు అరచేతుల మధ్య నలిపి వేస్తే వాసన లేస్తుంది. పిజ్జాతో వచ్చే చిన్న పొట్లాల్లో ఉండేది చాలాసార్లు ఉప్పు, కారం కలిపిన మసాలా. అది వాడితే ఉప్పు తగ్గించుకోండి.

ఇటాలియన్ సబ్‌లో మయోనీజ్ వేయాలా అన్నదానిపై న్యూజెర్సీలో తగాదాలే అవుతాయి. సలామీ, మోర్టడెల్లా కొవ్వు సరిపోతుంది కాబట్టి వద్దనే చెప్తాం. టర్కీ, చికెన్‌కు మాత్రం కావాలి. బాల్సమిక్ వెనిగర్ తీపి, దీంట్లోకి కుదరదు.

కట్టడం

1. రోల్‌ను రంపపు పళ్ల కత్తితో పక్కనుంచి కోయండి. రెండో అంచు ఒక సెంటీమీటరు తెగకుండా ఉండాలి. పూర్తిగా తెగితే సరుకు రెండువైపులా జారుతుంది.

2. లోపల మెత్తటి భాగం మరీ మందంగా ఉంటే పై సగంలోంచి కొంచెం గిల్లి తీసేయండి. గాడి పడుతుంది, కూరగాయలు అందులో కూర్చుంటాయి. అడుగు సగాన్ని ముట్టుకోవద్దు, బరువు మోసేది అదే.

3. రెండు సగాల మీదా నూనె బొట్లు బొట్లుగా వేసి వేలితో రాయండి.

4. అడుగున చీజ్ ముక్కలు ఒకదాని అంచుమీద ఇంకోటి వచ్చేలా పరవండి, అంచులు రోల్ గోడలకు ఎక్కాలి. తడికి ఇదే గోడ. ఫిలడెల్ఫియాలో చాలా దుకాణాల్లో చీజ్ ముందు పెట్టడం ఊరికే అలవాటు కాదు.

5. మోర్టడెల్లా లేదా హ్యామ్, దానిమీద కాపికోలా, పైన సలామీ. అన్నీ ముడతలతో, చివరిదాకా. రోల్ రెండు కొసల్లో ఖాళీ బ్రెడ్డు మిగలకూడదు.

6. మాంసం మీద టమాటా చక్రాలు ఒకే వరసలో. రెండు వరసలు పెడితే జారతాయి.

7. కలిపిన లెట్యూస్‌ను గిన్నె అంచున నొక్కి, అడుగున మిగిలిన ద్రవాన్ని వంచేసి, పైన సర్దండి.

8. కత్తి వెనకవైపుతో లెట్యూస్‌ను లోపలికి నొక్కుతూ రోల్ మూయండి.

తర్వాత పొట్లం. అరవై సెంటీమీటర్ల పొడవున్న బటర్ పేపర్ లేదా డెలి కాగితం మీద సబ్‌ను అడ్డంగా పెట్టి, దగ్గరి అంచు పైకి తెచ్చి బిగించి, ఒక చుట్టు తిప్పి, పక్కలు లోపలికి మడిచి, చివరిదాకా చుట్టండి. బిగుతుగా ఉండాలి కానీ రోల్ నలగకూడదు. పది నిమిషాలు అలాగే వదిలేయండి. పులిహోర కలిపిన వెంటనే కన్నా కాసేపాగాక బాగున్నట్టే, ఈ పది నిమిషాల్లో నూనె, పులుపు, ఉప్పు మాంసానికీ బ్రెడ్డుకూ పడతాయి, సరుకు ఒక్కటిగా కూర్చుంటుంది. అరగంట దాటనివ్వకండి. కాగితంతోపాటే మధ్యకు ఒక్క కోతలో కోసి, కాగితం కిందికి జరుపుకుంటూ తినాలి.

పంది, గొడ్డు మాంసం వద్దనుకుంటే

న్యూజెర్సీలోని ఎడిసన్, జెర్సీ సిటీల్లో మన ఇళ్లలో పార్టీకి సబ్ ట్రే తెప్పిస్తే సగం మందికి టర్కీ, పావు మందికి వెజ్ కావాలి. టర్కీ సబ్ చప్పగా ఉందని పక్కన పెట్టేస్తారు, తప్పు టర్కీది కాదు. దాంట్లో కొవ్వు లేదు, సలామీ సబ్‌కు వేసిన నూనె వెనిగర్ దానికి చాలవు. మామూలు టర్కీ 70 గ్రాములు, పొగబెట్టిన టర్కీ 50 గ్రాములు కలపండి. రెండు సగాలకూ మయోనీజ్ ఒక్కో టీస్పూను రాయండి, మిరపకాయలు 30 గ్రాములు చేయండి, టర్కీ మీదే నేరుగా మిరియాల పొడి చల్లండి. చికెన్ సలామీతో కూడా ఇదే పద్ధతి. కౌంటర్‌లో కొంటున్నప్పుడు అదే స్లైసర్ మీద హ్యామ్ కూడా కోస్తారన్నది గుర్తుంచుకోండి. పట్టింపు ఉన్నవాళ్లు శుభ్రం చేసి కోయమని అడగొచ్చు, లేదా ప్యాకెట్ కొనుక్కోవడమే నయం.

వెజ్ సబ్ అంటే మాంసం తీసేసిన సబ్ కాదు. ఇటాలియన్ డెలీల్లో దానికి సొంత పద్ధతి ఉంది: వేయించిన వంకాయ, కాల్చిన ఎర్ర క్యాప్సికమ్, తాజా మొజరెల్లా. పెద్ద వంకాయను ఆరు మిల్లీమీటర్ల చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి అరగంట ఉంచి, వచ్చిన నీటిని పిండేయండి. పలచటి మైదా జారులో ముంచి, బ్రెడ్ పొడి అద్ది, 175 డిగ్రీల నూనెలో రెండువైపులా ఎర్రగా వేయించండి. నూనె కాగకముందే వేస్తే వంకాయ నూనెంతా తాగేస్తుంది. క్యాప్సికమ్‌ను స్టవ్ మంట మీద నల్లగా కాల్చి, గిన్నెలో మూతపెట్టి పది నిమిషాల తర్వాత తోలు తీసి, నూనె, ఉప్పు, చితక్కొట్టిన వెల్లుల్లితో కలపండి. మొజరెల్లా ముక్కల్ని కాగితం మీద పావుగంట ఆరబెట్టండి. ఒక సబ్‌కు వంకాయ 120 గ్రాములు, మొజరెల్లా 70, క్యాప్సికమ్ 50. దీంట్లో బాల్సమిక్ రెండు మూడు బొట్లు వేసినా బాగుంటుంది.

నిష్ఠగా శాకాహారం పాటించేవాళ్లు చీజ్ లేబుల్ చూడాలి. సంప్రదాయ ప్రోవొలోన్, పర్మెజాన్‌లలో పాలు విరగడానికి వాడే రెన్నెట్ దూడ లేదా గొర్రెపిల్ల కడుపులోంచి తీసింది కావచ్చు. ఇండియాలో ఆకుపచ్చ చుక్క ఉన్న చీజ్‌లో ఆ బాధ లేదు.

హైదరాబాద్, విజయవాడల్లో బనానా పెప్పర్ సీసా కోసం తిరగనక్కర్లేదు. బజ్జీ మిరపకాయలు 200 గ్రాములు మూడు మిల్లీమీటర్ల చక్రాలుగా కోసి, గింజలు సగం దులిపేసి, శుభ్రమైన గాజు సీసాలో వేయండి. వెనిగర్ 200 మిల్లీలీటర్లు, నీళ్లు 200, ఉప్పు 10 గ్రాములు, పంచదార రెండు టీస్పూన్లు మరిగించి వేడిగా పోయండి. చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచితే చాలు, రెండు వారాలు వాడుకోవచ్చు. ఐస్‌బర్గ్ దొరక్కపోతే క్యాబేజీని ఒక మిల్లీమీటరు సన్నగా తరిగి, ఉప్పు చల్లి పది నిమిషాలాగి నీరు పిండేసి వాడండి. పచ్చిగా అలాగే వేస్తే గట్టిగా నమలాలి. పనీరు పెట్టాలనుకుంటే ముందు బరువుపెట్టి నీరు పిండి, పెనం మీద రెండువైపులా కాల్చాలి, లేకపోతే పొడిపొడిగా రాలిపోతుంది.

ముందే చేసి తీసుకెళ్లాల్సి వస్తే

రోల్, చీజ్, మాంసం వరకే కట్టి పొట్లం చుట్టండి. టమాటా, లెట్యూస్ విడివిడిగా డబ్బాల్లో, నూనె వెనిగర్ చిన్న సీసాలో. తినే ముందు విప్పి కలుపుకోవాలి. ఐస్ ప్యాక్ లేకుండా మాంసం సబ్ రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. వాతావరణం 32 డిగ్రీలు దాటితే గంటే గడువు, మన వేసవి రైలు ప్రయాణాలకు మాంసం సబ్ పనికిరాదు. వంకాయ సబ్ కూడా తాజా మొజరెల్లా లేకుండానే పెట్టుకోండి.

మిగిలిన రోల్స్‌ను ఫ్రిజ్‌లో పెట్టకండి, అక్కడ బయటికన్నా త్వరగా బిరుసెక్కుతాయి. ఆ రోజుకు అయితే గుడ్డలో చుట్టి బయటే ఉంచండి, ఇంకా ఆలస్యమయ్యేటట్టయితే గాలి చొరని సంచిలో ఫ్రీజర్‌లో పెట్టండి. వాడేరోజు బయట గంట ఉంచి, పైన చేత్తో నీళ్లు చిలకరించి, 180 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నిమిషాలు పెడితే పైపొర మళ్లీ చిట్లుతుంది. పూర్తిగా చల్లారాకే చీజ్ పరవాలి.